సన్నాయికి రాసిన కన్సర్టో

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో నీతి ఏమీ లేదు. రిటైరైన వాళ్ళ చేత రాయిస్తే సమయపాలన గురించో, క్రమశిక్షణ గురించో నాలుగు మంచి ముక్కలు వస్తాయని మన తెలుగు సంఘం కుర్రాళ్ళు ఆశపడి నన్ను అడిగారు. నేను బిలాస్‌పూర్ రైల్వే స్కూల్లో సంగీతం టీచర్ని. నా పీరియడ్ ఎప్పుడూ ఆటలకీ మధ్యాహ్నం భోజనానికీ మధ్యలో పడేది. సగం మంది ఆయాసంతో, సగం మంది ఆకలితో పాడేవారు. అలాంటి ఉద్యోగంలో క్రమశిక్షణ ఎక్కడినుంచి వస్తుంది? కాబట్టి పిల్లలూ, తెలుగు చదవడం వచ్చినవాళ్ళు చదవండి, రానివాళ్ళు మీ అమ్మల చేత చదివించుకోండి. నేను చెప్పబోయేది రిటైర్‌మెంటు దగ్గరపడ్డ రోజుల్లో నేనొక కన్సర్టో రాసిన సంగతి.

ఎందుకు రాశానంటే పైనుంచి ఆర్డరు వచ్చింది కనుక. రైల్వేలో మంచైనా చెడైనా అలాగే జరుగుతుంది.

సాంస్కృతిక కార్యక్రమాలు చూసుకోవడానికి మా డివిజన్‌కి కొత్తగా ఒక అధికారి వచ్చాడు. హైదరాబాద్ మనిషి. చిన్నప్పుడు వాళ్ళమ్మ పియానో నేర్పించిందట, ఆ దెబ్బ ఇంకా మానలేదు. వేర్వేరు రైల్వేల వాళ్ళకి సంగీత పోటీ ఒకటి జరుగుతూ ఉంటుంది కదా, ఆ ఏడు అది మన ఊళ్ళోనే పడింది. మామూలుగా అయితే మనవాళ్ళు నాలుగు పాత సినిమా పాటలు కలిపి కుట్టేసి వాయించేవారు, ప్రోత్సాహక బహుమతి పుచ్చుకుని ఫొటో దిగేవారు. ఈయనకి అది నచ్చలేదు. నన్ను తన గదికి పిలిపించి, "మేడమ్, ఈసారి మనం కన్సర్టో చేద్దామండి. ఒక సోలో వుడ్‌విండ్, వెనకాల ఫుల్ ఆర్కెస్ట్రా. మీరు కంపోజ్ చేసేయండి. నెలాఖరుకి అయిపోతుందిగా?" అన్నాడు. ఫ్యాను బాగుచేయించమని చెప్పినట్టే చెప్పాడు.

కన్సర్టో అంటే ఏమిటో మీకు తెలియకపోతే సిగ్గుపడనక్కర్లేదు, ఆర్కెస్ట్రాలో ఉన్నవాళ్ళకే తెలియదు. ఒక వాయిద్యం ముందు నిలబడుతుంది. దాని వెనకాల పెద్ద వాద్యబృందం కూర్చుంటుంది. ఆ ఒక్కటీ ఒక మాట అంటుంది, వెనకవాళ్ళు జవాబు చెబుతారు, కాసేపు వాదించుకుంటారు, కాసేపు రాజీపడతారు. కొత్తల్లుడు ఒక్కడూ ఒకవైపు, అత్తవారి బలగమంతా మరోవైపు అనుకోండి. మామూలుగా మూడు భాగాలుంటాయి. మొదటిది వేగం, రెండోది నిదానం, మూడోది మళ్ళీ వేగం. ఇలాంటిదొకటి రాయడానికి విదేశాల్లో మహానుభావులు ఏళ్ళ తరబడి తలలు పట్టుకున్నారు. మా సారు నాకు నెలాఖరు దాకా టైమిచ్చాడు.

నాకు ఆ మాత్రం ధైర్యం రావడానికి కారణం ఉంది. విజయనగరంలో వయొలిన్ నేర్చుకుని ఇక్కడికి కోడలిగా వచ్చిన కొత్తలో, మా కాలనీ చర్చిలో పియానో వాయించే ఒక ఆంగ్లో ఇండియన్ గార్డు నాకు వాళ్ళ స్వరాలు గీతల మీద రాయడం నేర్పాడు. పాఠానికి బదులుగా మా అత్తగారి ఆవకాయ తీసుకునేవాడు. తిని కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు, మళ్ళీ అడిగేవాడు. ఆయన నేర్పిన విద్యని నేను సర్వీసంతా దేనికి వాడానయ్యా అంటే, రిపబ్లిక్ డే నాడు పిల్లల చేత కవాతు పాట వాయించడానికి. అందుకని అధికారి ఆ మాట అనగానే, చేతకాదని చెప్పవలసిన నోటితో "అలాగేనండి" అన్నాను.

ఆర్కెస్ట్రా ఎలాగో పోగయింది. నాతో కలిపి నాలుగు వయొలిన్లు, రెండు మాండొలిన్లు, రైల్వే రక్షక దళం బ్యాండు నుంచి ట్రంపెట్లూ ఒక ట్రాంబోనూ, కీబోర్డు మీద ఒక టికెట్ కలెక్టరు. ఈ టికెట్ కలెక్టరుకి ఏ ముక్క ఇచ్చినా చివర్లో తనదొక మెరుపు తగిలించకపోతే తోచదు. ట్రాంబోను ఊదే కానిస్టేబుల్ బిలాస్‌పూరియా, అంటే ఈ ఊరివాడే, మనిషి బంగారం, కానీ తన వంతు వచ్చేలోపు టీ తాగి రావచ్చా అని ప్రతిసారీ అడిగేవాడు. తీగ వాయిద్యాలున్నాయి, ఇత్తడి వాయిద్యాలున్నాయి, లేనిదల్లా ముందు నిలబడి ఊదే మనిషి. బ్యాండులో క్లారినెట్ వాయించేవాడికి అంతకు ముందే బదిలీ అయిపోయింది. అకౌంట్స్ ఆఫీసులో ఫ్లూటు వాయించే ఆయన ఒకడున్నాడు కానీ, ఆయన ఊదుతుంటే వేడి పాలు చల్లార్చుతున్నట్టుంటుంది.

"సన్నాయి పెట్టుకుందామండి," అన్నాను అధికారితో.

"సన్నాయా? పెళ్ళి సన్నాయా?"

"చెక్కతో చేసిందే కదండీ. ఊదేదీ గాలే. మీరడిగిన వుడ్డూ విండూ రెండూ ఉన్నాయి."

ఆయన కాసేపు పేపర్‌వెయిట్ తిప్పి, "ఇండియన్ ఫ్లేవర్," అని తనలో తాను అనుకుని ఒప్పుకున్నాడు.

సన్నాయి అనగానే బిలాస్‌పూర్ తెలుగువాళ్ళకి ఒక్క మనిషే గుర్తొస్తాడు. లోకో షెడ్డులో ఫిట్టరు. వాళ్ళ తాతగారు విజయనగరం వైపు నుంచి సన్నాయి చంకలో పెట్టుకుని రైల్వే గ్యాంగులో చేరడానికి వచ్చినవాడు. తోర్వాలో పెళ్ళయినా, లాల్‌ఖదాన్‌లో ఉపనయనమైనా, ఈయన షెడ్డు డ్యూటీ మార్చుకుని వచ్చి వాయించవలసిందే. డోలు వాళ్ళ తమ్ముడిది, అతను ట్రాక్ మీద పనిచేసేవాడు. అన్నగారి వాయిద్యం ఎంత గొప్పదో నోరు కూడా అంత గొప్పది. విజయనగరం నుంచి బిలాస్‌పూర్ దాకా తనంతటి వాడు లేడని ఆయనే చెప్పేవాడు, మధ్యలో ఉన్న స్టేషన్లన్నీ లెక్కపెట్టి మరీ చెప్పేవాడు. ఒక పెళ్ళిలో మగపెళ్ళివారు సినిమా పాట వాయించమంటే, "మీవోడికి సినిమాలో పెళ్ళి సేసుకోమనండి," అని సన్నాయి గుడ్డలో చుట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ పెళ్ళి మొబైల్ ఫోన్ పాటలతో జరిగింది.

నేను లాల్‌ఖదాన్‌లో వాళ్ళింటికి వెళ్ళి విషయం చెప్పాను. ఆయన వసారాలో కూర్చుని సన్నాయి మూతికి పెట్టే రెల్లు పీకలు వరసగా నోట్లో తడిపి చూసుకుంటున్నాడు. అంతా విని, "ఏటి టీచరమ్మా, నాకు పాడుకోడానికి ఇంత మంది తోడెందుకు? మా తమ్ముడు సాలడా?" అన్నాడు.

"పోటీ అన్నయ్యా."

"పోటీకి నాను రానమ్మా. నాతో పోటీ పడేవోడేడి?"

బతిమాలాను. పెద్ద పెద్ద ఆఫీసర్లు వస్తారన్నాను. పేపర్లో ఫొటో పడుతుందన్నాను. ఏదీ పనిచెయ్యలేదు. ఇక లేవబోతూ, కన్సర్టోలో ఒక చోట ఆర్కెస్ట్రా అంతా ఆగిపోతుందనీ, ముందు నిలబడ్డవాడు ఒక్కడే తనకి తోచినట్టు వాయించుకుంటాడనీ మాటవరసకి అన్నాను.

ఆయన పీక నోట్లోంచి తీసేశాడు. "అందరూ ఆగిపోతారా?"

"ఆ."

"మరి ఆలంతా ఏటి సేస్తారు?"

"కూర్చుని వింటారు."

"ఎంతసేపు?"

"నువ్వు ఆపేదాకా."

"జనం?"

"జనం కూడా నోరు మూసుకుని వింటారు. ఇలాంటి కచేరీల్లో మాట్లాడకూడదు."

ఆయన పీకని తుడిచి డబ్బాలో పెట్టాడు. తరవాత అన్న మాటలు నాకు ఇప్పటికీ అలాగే గుర్తున్నాయి. "టీచరమ్మా, నాను ఎన్ని పెళ్ళిళ్ళకి ఊదినానో నాకే తెలీదు. ఒక్కడు ఇన్నాడేటి? ఈ పక్కన భోజనాలు, ఆ పక్కన మాటలు. పంతులు ఏలు ఊపినాడంటే గట్టిమేళం కొట్టాల. అది దేనికి? ఎవుడో తుమ్మితే ఇనపడకుండా ఉండడానికి. నా పనే ఏదీ ఇనపడకుండా సెయ్యడం. ఒక్క మాటు, నాను ఊదితే ఎవుడూ తినకుండా, మాటాడకుండా, మొదట్నుంచి సివరిదాకా ఇంటే ఎలాగుంటాదో సూడాలని ఉంది."

ఆ మాటతో ఆయన వస్తానన్నాడు, నేను ఇరుక్కున్నాను.

ఇరుక్కున్నానని ఎందుకంటున్నానంటే, అంతవరకు అది అధికారి గారి సరదా. ఆ రోజు నుంచి ఒక మనిషి కోరిక. పైగా ఆయన లేచి లోపలికి వెళ్ళి సన్నాయి తెచ్చుకుని, గోడవైపు తిరిగి చిన్నగా ఒక వరస ఊదాడు. సన్నాయి చిన్నగా ఊదడం ఎంత కష్టమో ఊదేవాళ్ళకే తెలుసు. నాకు తెలిసిన ఏ కీర్తనా కాదది. ఎక్కడిదని అడిగాను. "నాదే," అన్నాడు. "దీనికి ముహూర్తం నేదమ్మా. పెళ్ళికి పనికిరాదు, ఊరేగింపుకి పనికిరాదు. ఏటీ జరగనప్పుడు ఊదేది. ఏటీ జరగనప్పుడు నన్నెవుడు పిలుస్తాడు?"

రెండో భాగం దొరికిందని నాకు అక్కడే తెలిసిపోయింది.

మిగతాది రాయడానికి నేను పడ్డ పాట్లు మీకు అనవసరం. ఒక్క చిక్కు మాత్రం చెబుతాను. సన్నాయికి పుట్టుకతో ఒక శ్రుతి ఉంటుంది, అది మారదు. ట్రంపెట్లకి ఇంకోటి ఉంటుంది, అవీ మారవు. మాండొలిన్లు మార్చుకోగలవు కానీ వాటిని వాయించేవాళ్ళు మారరు. నేను ఉదయం అన్నం కుక్కర్లో పెట్టి, డైనింగ్ టేబుల్ మీద గీతల కాగితాలు పరుచుకుని, ఎవరిని ఎక్కడికి దింపాలో, ఎవరిని ఎక్కడికి ఎక్కించాలో చూసుకుంటూ కూర్చునేదాన్ని. ఇంట్లో పప్పు మాడినా సరే, మూడో భాగం మటుకు ఇష్టంగా రాశాను. అందులో వయొలిన్లు పరిగెడతాయి, ట్రంపెట్లు అడ్డం వస్తాయి, సన్నాయి అందరినీ తప్పించుకుని ముందుకు పోతుంది. నా జీవితంలో నేను చేసిన మంచి పని అదొక్కటేనని ఇప్పటికీ అనుకుంటాను. మా ఆయన విని, "బాగానే ఉంది, నువ్వే రాశావా?" అన్నారు. ఆయన నోట అంతకంటే మెచ్చుకోలు రాదు.

రిహార్సళ్ళు ఇన్‌స్టిట్యూట్ హాల్లో. తమ్ముడు లేనిదే రానని అన్నయ్య అంటే వాళ్ళ డోలునీ కలుపుకున్నాను. ఫిట్టరన్నయ్యకి కాగితం మీద రాసింది చదవడం రాదు, నేర్చుకునే ఉద్దేశమూ లేదు. నేను వయొలిన్ మీద వాయించి ఫోన్లో రికార్డు చేసి పంపితే షెడ్డులో టిఫిన్ టైములో విని వచ్చేవాడు. విన్నది విన్నట్టు వాయిస్తాడా? ఒకసారి వాయించింది రెండోసారి వాయించడం ఆయనకి నామోషీ. "నిన్న ఇలా వాయించలేదు కదా అన్నయ్యా," అంటే, "నిన్నటిది నిన్న అయిపోనాది గదమ్మా," అనేవాడు. వెనక ఉన్న నాలుగు వయొలిన్లూ ఆయన ఎటు తిరిగితే అటు తిరగడానికి మెడలు సాచుకుని కూర్చునేవి.

ఆర్కెస్ట్రా ఆగి ఆయన ఒక్కడే వాయించే చోటు గురించి చెప్పనే అక్కర్లేదు. మొదటి భాగం చివర్లో దానికి నేను ఒక నిమిషం ఇచ్చాను. అది రోజు రోజుకీ పెరిగింది. ట్రాంబోను కానిస్టేబుల్ ఆ సమయంలో హాయిగా టీ తాగి వచ్చేవాడు. ఒకరోజు టీతోపాటు సమోసాలు కూడా అయ్యాయి. "భయ్యా, అభీ భీ చల్ రహా హై?" అని, ఇంకా అవలేదా అన్నట్టు గుమ్మంలోంచి తొంగి చూశాడు. అన్నయ్య ఊదుతూనే వాడి వైపు ఉరిమి చూశాడు.

అధికారి మరో చిక్కు తెచ్చిపెట్టాడు. రైల్వే వాళ్ళం కాబట్టి సంగీతంలో రైలు వినిపించాలట. "ఇంజన్ కూత, చక్రాల చప్పుడు, ఏదైనా సరే మేడమ్." మేమందరం పొద్దున లేచినప్పటి నుంచి పడుకునే వరకూ వినేది అదే, ఇక కచేరీలో కూడా అదేనా? కాదనడానికి లేదు. మూడో భాగంలో ట్రాంబోనుకి ఒక పొడుగాటి కూత రాశాను. కానిస్టేబుల్ మహదానందంగా ఊదాడు. గూడ్స్ బండి గేదెకి అడ్డం వచ్చినట్టు ఉంది. అధికారి చప్పట్లు కొట్టాడు.

పోటీకి ఒక నియమం ఉంది. ఒక్కో బృందానికి ఇంత సమయమని ఉంటుంది. అది దాటబోతుంటే ఒక గంట, దాటాక ఇంకో గంట. రెండో గంట మోగాక కూడా వాయిస్తే పోటీలోంచి తీసేస్తారు. అన్నయ్యకి ఇది నేనూ చెప్పాను, అధికారీ చెప్పాడు, వాళ్ళ తమ్ముడూ చెప్పాడు. "ఇనపడ్డాదిలే," అన్నాడు.

ఆ రోజు ఇన్‌స్టిట్యూట్ హాలు కిక్కిరిసిపోయింది. ముందు వరసలో తెల్ల తువ్వాళ్ళు పరిచిన కుర్చీల్లో పై ఆఫీసు నుంచి వచ్చిన పెద్ద సారు, పక్కనే న్యాయనిర్ణేతగా వచ్చిన ఒక పెద్దావిడ. ఆవిడ గాయని, వెండి జుట్టు నున్నగా దువ్వుకుని, పట్టుచీరలో గంభీరంగా కూర్చుంది. వాళ్ళ వెనక మిగతా ఆఫీసర్లు. ఆ వెనక మన కాలనీ మొత్తం. అన్నయ్య వాయిస్తున్నాడని తెలిసి తఖత్‌పూర్ నుంచి కూడా వచ్చారు. కచేరీలో ఏమీ తినకూడదని నేను ముందురోజే ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. అందుకని మర్యాదగా ఎవరూ తినలేదు, మరమరాల పొట్లాలు చేత్తో పట్టుకుని కూర్చున్నారు.

మొదటి భాగం బాగానే నడిచింది. టికెట్ కలెక్టరు తన మెరుపు తగిలించాడు. మాండొలిన్లు ఒక చోట దారి తప్పి మరో చోట కలిశాయి. అన్నయ్య ఒక్కడే వాయించే చోటు వచ్చింది. ఆయన ఒకసారి హాలంతా చూసి, ఎవరూ మాట్లాడడం లేదని రూఢి చేసుకుని, మొదలుపెట్టాడు. నేను చెప్పిన మాట విన్నాడు, త్వరగానే ముగించాడు. తరవాత తెలిసింది, రెండో భాగం కోసం సమయం మిగుల్చుకున్నాడట.

రెండో భాగం. వయొలిన్లు ఒక్కటే స్వరం పట్టుకుని ఉంటాయి, అంతే. దాని మీద ఆయన తన వరస ఎత్తుకున్నాడు. ఆ రోజు గోడవైపు తిరిగి ఊదిందే, ఈసారి మనుషుల వైపు తిరిగి. హాల్లో ఫ్యాన్ల చప్పుడు వినపడింది. వెనక వరసలో ఒక పసిబిడ్డ ఏడవబోతే వాళ్ళమ్మ బయటికి ఎత్తుకుపోయింది. నేను విల్లు లాగుతూ, పరవాలేదు, ఈయన కోరిక తీరుతోంది అనుకున్నాను.

సరిగ్గా అప్పుడే వీడియో తీసే మనిషి పెద్ద సారుకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. పెద్ద సారు మర్యాదస్తుడు, అరవలేదు. జరగమన్నట్టుగా చెయ్యి పైకెత్తి చూపుడువేలు అటూ ఇటూ ఊపాడు.

మీకు అర్థమైపోయింది కదూ.

అన్నదమ్ములిద్దరి కళ్ళూ ఆ వేలి మీద పడ్డాయి. వాళ్ళు ఆలోచించలేదు. ఆలోచించడానికి అది బుర్రలో ఉండే సంగతి కాదు, చేతుల్లో ఉంటుంది. తమ్ముడి డోలు పిడుగులా పడింది. అన్నయ్య బుగ్గలు ఉబ్బాయి. గట్టిమేళం! పైకప్పు లేచిపోయేటట్టు గట్టిమేళం. ఆ మోత వినగానే వెనక కూర్చున్న మనవాళ్ళు ఊరుకుంటారా? అమ్మలు, నాయనమ్మలు, కొత్త కోడళ్ళు, పెన్షన్ తీసుకునే పెద్దలు, అందరూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. అక్షింతలు లేవు. చేతిలో మరమరాలున్నాయి. ఎటు విసరాలి? పెద్ద సారు వేలు ఊపిన వైపే. హాలు మీద మరమరాల వాన కురిసింది. మామూలు మరమరాలు కూడా కాదు, ఉల్లిపాయ ముక్కలు కలిపినవి. పెద్ద సారు తల మీదా, పక్కనున్న న్యాయనిర్ణేత గారి వెండి జుట్టు మీదా సమానంగా పడ్డాయి. మా పక్కింటి ముసలావిడ వాళ్ళిద్దరి వైపు చూసి, కళ్ళు తుడుచుకుని, చేతులెత్తి దీవించింది. తమకే తెలియకుండా మా కాలనీ వాళ్ళు వాళ్ళిద్దరికీ పెళ్ళి చేసేశారు. వీడియో తీసే మనిషి వృత్తి ధర్మం మరవకుండా ఇద్దరినీ దగ్గరగా తీశాడు.

మా అధికారి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

అన్నయ్య ఆపాడు. తనేం చేశాడో అప్పుడు తెలిసింది ఆయనకి. నేను ఆ మొహం చూడలేకపోయాను. హాలంతా పగలబడి నవ్వుతోంది. వెనకనుంచి ఎవరో ముందుకు వంగి పెద్ద సారుకి సంగతి వివరించారు. ఆయన కోప్పడతాడనుకుంటే, మంచి మనిషి, కాలర్లోంచి ఉల్లిపాయ ముక్క తీసుకుంటూ కడుపుబ్బ నవ్వాడు. లేచి నిలబడి, "వాహ్! ఫిర్ సే! వహీ వాలా బజాయియే!" అని మళ్ళీ అదే వాయించమన్నాడు. జనం చప్పట్లు. "గట్టిమేళం! గట్టిమేళం!" అని మనవాళ్ళు అరుపులు. టికెట్ కలెక్టరు అప్పుడే కీబోర్డు మీద తాళం మొదలుపెట్టేశాడు.

నా బుర్ర చకచకా పనిచేసింది. జరిగింది జరిగిపోయింది, జనం హుషారుగా ఉన్నారు, మిగిలిన సమయం మూడో భాగానికి సరిగ్గా సరిపోతుంది. ఈ ఊపులో అది ఎత్తుకుంటే బహుమతి మాదే. నా మూడో భాగం! మొదటి తీగ మీదికి విల్లు ఎత్తాను. ట్రాంబోను కానిస్టేబుల్ కూతకి ఊపిరి బిగబట్టాడు.

"ఆగండి టీచరమ్మా," అన్నాడు అన్నయ్య.

మైకు దగ్గరికి వెళ్ళాడు. పెద్ద సారు వైపు తిరిగి, "సార్, వో తో శాదీ వాలా హై. ఉస్‌మే కుఛ్ సునాయీ నహీ దేతా," అన్నాడు. హాలు ఇంకా నవ్వుతూనే ఉంది. ఇక లాభం లేదని తెలుగులోకి దిగాడు. "అది ఏటీ ఇనపడకుండా ఉండడానికి కొట్టేది బాబూ. ఇప్పుడు ఇనపడేది ఊదుతాను. కూకోండి." తరవాత వెనక వరసల వైపు, "మీకేటి, వేరే సెప్పాలా? కూకోండమ్మా!"

నా సర్వీసులో ఎందరో అధికారుల్ని చూశాను. ఒక ఫిట్టరు కూకోమంటే అంత పెద్ద అధికారి గభాలున కూర్చోవడం ఆ ఒక్కసారే చూశాను. ఆయనకి తెలుగు రాదు కూడా.

అన్నయ్య నా వైపు చూశాడు. అడగలేదు, చూశాడంతే. ఆయన మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంటే సమయం అయిపోతుంది. మూడో భాగం ఉండదు, పోటీలో మా పేరూ ఉండదు. నేను మాడబెట్టుకున్న పప్పులన్నీ గుర్తొచ్చాయి. ఆయన్ని ఆపగలిగేది నేనొక్కదాన్నే, విల్లు ఒక్కసారి కిందికి లాగితే చాలు, ఆర్కెస్ట్రా అంతా మూడో భాగంలోకి దూకేస్తుంది. చెయ్యి గాల్లో ఉండిపోయింది. ఏ మహానుభావులు ఎలా నిర్ణయాలు తీసుకుంటారో నాకు తెలియదు కానీ, నాకు మటుకు ఏడుపొచ్చేంత కోపం వచ్చింది. ఆ కోపంతోనే మూడో భాగం కాగితాలు స్టాండు మీంచి తీసి కుర్చీ కింద పడేశాను. వయొలిన్లకి ఆ ఒక్క స్వరం పట్టుకోమని సైగ చేశాను.

మాకు బహుమతి రాలేదని ఇక్కడే చెప్పేస్తున్నాను, చివరిదాకా ఎదురు చూడకండి. మూడో భాగం ఈనాటివరకూ ఎవరూ వాయించలేదు.

ఆయన మొదటినుంచి ఎత్తుకున్నాడు. గొప్పగా వాయించాడని చెప్పను, గొప్పలు ఆయన అంతకు ముందు చాలా వాయించాడు. ఈసారి ఒక్క అలంకారం వెయ్యలేదు. ఎవరికో దారి చెబుతున్నట్టు, తొందరేమీ లేనట్టు, ఒక్కో స్వరం తరవాత ఇంకోటి. మధ్యలో గంట మోగింది. కాసేపటికి రెండో గంట కూడా మోగింది. ఆయన వినలేదో, విననట్టు నటించాడో నాకు తెలియదు. గంట కొట్టే ఆయన మూడోసారి చెయ్యి ఎత్తబోతే, న్యాయనిర్ణేత గారు జుట్టులో మరమరాలతోనే అతని వైపు చూసి తల అడ్డంగా ఊపింది. నా పక్కనున్న వయొలిన్ ఆయనకి చెయ్యి నొప్పెడుతోంది, అయినా స్వరం వదల్లేదు. చివరి స్వరం ఎక్కడ ఆగిపోయిందో నాకే తెలియలేదు. పక్కనే ఉన్నాను నేను.

ఆయన సన్నాయి దించాడు. హాల్లో ఎవరూ కదలలేదు. దగ్గు కూడా లేదు. ఆయన కాసేపు అలాగే నిలబడి, జనం వైపు ఒక మాటు, మా వైపు ఒక మాటు చూసి, సన్నాయి గుడ్డలో చుట్టుకుని పక్క గుమ్మంలోంచి బయటికి వెళ్ళిపోయాడు. నేను వయొలిన్ కుర్చీలో పెట్టి వెనకాలే పరిగెత్తాను.

సైకిల్ స్టాండు దగ్గర ఉన్నాడు. మొహమంతా చెమట.

"ఒక్కడు సప్పట్లు కొట్టనేదు," అన్నాడు. "సూసినారా టీచరమ్మా? ఒక్కడు. గట్టిమేళం కొడితే ఎగిరి గెంతినారు. ఇది ఊదితే ఏటీ నేదు."

"నువ్వు అడిగింది ఇదే కదా అన్నయ్యా. ఎవరూ తినలేదు, మాట్లాడలేదు. మొదట్నుంచి చివరిదాకా విన్నారు."

ఆయన నా మొహంలోకి చూశాడు. నేను వేళాకోళం చేస్తున్నానేమో అని అనుమానం. నా కళ్ళల్లో నీళ్ళు చూసి, కాదని తెలుసుకున్నట్టున్నాడు.

"అలగుంటాదేటి?" అన్నాడు నెమ్మదిగా.

"ఆ. అలాగే ఉంటుంది."

"నాకు భయమేసినాదమ్మా. పెళ్ళిలో నాను ఆపినా గోల ఉంటాది. ఇక్కడ నాను ఆపినాక ఏటీ నేదు. నానొక్కడ్నే ఉన్నాను."

అదెలా ఉంటుందో నిజానికి నాకు తెలిస్తే కదా. ఇన్నేళ్ళూ పిల్లల చేత పాడించాను, సభల్లో వాయించాను, ఒక్కరోజు కూడా ఎవరూ నన్ను అలా వినలేదు. నా కళ్ళ నీళ్ళు ఆనందబాష్పాలని కాలనీలో అందరూ ఇప్పటికీ చెప్పుకుంటారు, నేనూ కాదనలేదు. పిల్లలూ, మీకు నిజం చెబుతున్నాను, అందులో సగం అసూయ.

అప్పుడు లోపల ఎవరో తేరుకున్నట్టున్నారు. ఒక చప్పట్ల జత వినపడింది, తరవాత ఇంకోటి, ఆ తరవాత హాలంతా. కిటికీ రెక్కలు అదిరాయి. "విను అన్నయ్యా, నీకే. పద లోపలికి," అని చెయ్యి పట్టుకుని లాగాను.

ఆయన కదల్లేదు. కాసేపు చెవి అటు పెట్టి విన్నాడు. మొహం చిట్లించాడు.

"ఇదిగో, మళ్ళీ గోల మొదలెట్టీసినారు," అన్నాడు.

ఆ చప్పట్లు ఆగేదాకా లోపలికి రానన్నాడు. రాలేదు.